నేవీ అబ్బాయి సంబంధం వచ్చింది, ఓడల మీద నిజంగా రోజూ మందు పోస్తారా?

కృష్ణలంక అమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్తే. మాది విజయవాడ కృష్ణలంక. ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు, పోయిన ఆదివారం పొన్నూరు నుంచి ఒకళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. అబ్బాయి ఇండియన్ నేవీలో పెట్టీ ఆఫీసర్ (నావికుల్లో ఒక ర్యాంకు), వైజాగ్‌లో ఓడ మీద చేస్తున్నాడు, వయసు 29. నాకు నచ్చాడు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

గొడవ ఎక్కడొచ్చిందంటే, కాఫీలయ్యాక మా అమ్మ ఉండబట్టలేక "బాబూ, మందు అలవాటుందా?" అని సూటిగా అడిగేసింది. అతను వాళ్ళ నాన్న వైపు ఒకసారి చూసి, "అప్పుడప్పుడు ఉందండీ, ఓడ మీద మాత్రం తాగం" అన్నాడు. అమ్మ మొదటి సగమే విన్నది. ఖాళీ గ్లాసుల ట్రే పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, వాళ్ళు బయల్దేరేటప్పుడు గానీ మళ్ళీ ముందు గదిలోకి రాలేదు. మా నాన్న తాగుడుతోనే పోయారండీ, లివర్ పాడైపోయి, నేను ఇంటర్ సెకండియర్‌లో ఉండగా. కాబట్టి ఆవిడ భయం నాకు తెలుసు, దాన్ని చాదస్తం అని నేను అనను.

దానికి తోడు మా పెదనాన్న వచ్చి, "నేవీ అంటే ఏమనుకున్నావమ్మా, రోజూ మధ్యాహ్నం గవర్నమెంటే రమ్ము కొలిచి పోస్తుంది, అది వాళ్ళకి రేషన్‌లో భాగం" అన్నాడు. అప్పటి నుంచి అమ్మ ఆ పేరెత్తనివ్వడం లేదు.

అందుకే తెలిసినవాళ్ళని అడుగుతున్నాను. ఓడ మీద రోజూ మందు ఇస్తారన్నది నిజమా? "ఓడ మీద తాగం" అని అతను అన్నది నిజమా, పెళ్ళిచూపుల మాటా? నేవీలో చేసినవాళ్ళు, వాళ్ళ ఇళ్ళలోవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్.


బ్రాడీపేట మాజీ నేవీ:

అమ్మా, నేను 15 ఏళ్ళు నేవీలో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు గుంటూరులోనే ఉంటున్నాను. ఆ అబ్బాయి చెప్పింది నిజం. మన నేవీ ఓడ సముద్రంలోకి వెళ్ళిందంటే మందు బంద్. ఆఫీసర్లకి వార్డ్‌రూమ్ అని వేరే ఉంటుంది, అందులో బార్ ఉంటుంది, అది కూడా ఓడ రేవులో ఉన్నప్పుడు తెరిచేదే. నేను చేసిన ఓడల్లో నెల పాటు సముద్రం మీద తిరిగినా ఎవరి నోటా చుక్క పడింది లేదు. బయట నుంచి సీసా సంచిలో పెట్టుకుని ఓడెక్కడం కుదరదు.

ఎందుకింత గట్టిగా ఉంటుందో చెబితే మీ అమ్మగారికి అర్థమవుతుంది. ఓడ మీద డ్యూటీ నాలుగేసి గంటల వాచీల్లో, అంటే షిఫ్టుల్లో, నడుస్తుంది, కానీ వాచీ దిగి పడుకున్నవాడు కూడా పూర్తిగా ఖాళీ కాదు. అర్ధరాత్రి ఇంజిన్ రూమ్‌లో మంట లేచిందనుకోండి, విజయవాడలో అయితే ఫైర్ ఇంజిన్ వస్తుంది, సముద్రం మధ్యలో ఎవరొస్తారు? మేమే ఫైరు వాళ్ళం, మేమే రిపేరు వాళ్ళం. అలారం మోగగానే నిద్రలోంచి లేచి ఎవడి చోట వాడు ఉండాలి, హోస్ పట్టేవాడు హోస్ పట్టాలి, వాటర్‌టైట్ తలుపు మూసేవాడు మూయాలి. ఆ ఒక్కడు మత్తులో ఉంటే పోయేది వాడొక్కడి ప్రాణం కాదు. అందుకే 1957 నాటి నేవీ చట్టంలో తాగి ఉండడం అనేదాన్ని విడిగా ఒక నేరంగా రాశారు. అందులో నాకు బాగా గుర్తున్న సంగతి ఏమిటంటే, అప్పుడు చేస్తున్న పనికే కాదు, తనకి అప్పగించే అవకాశం ఉన్న ఏ పనికైనా మత్తు వల్ల పనికిరాకుండా ఉంటే తాగి ఉన్నట్టే లెక్క. అంటే "నాకు డ్యూటీ లేదు కదా సార్" అనే మాట అక్కడ చెల్లదు. జైలు దాకా వెళ్ళే నేరం అది.

మా మెస్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు, పేరెందుకులెండి. వైజాగ్‌లో ఓడ జెట్టీకి కట్టి ఉంది, సాయంత్రం లిబర్టీకి, అంటే కాసేపు ఒడ్డుకి వెళ్ళే సెలవు మీద, బయటికి వెళ్ళాడు. రాత్రి తిరిగొచ్చేసరికి ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. గ్యాంగ్‌వే అంటే జెట్టీ నుంచి ఓడకి వేసే మెట్లదారి, సన్నగా ఉంటుంది, కింద నీళ్ళు. వాడు రెండుసార్లు కాలు జారి తాడు పట్టుకుని వేలాడాడు. పైకొచ్చి సెల్యూట్ చేయబోతే టోపీ లేదు, ఎక్కడో పడేసుకున్నాడు. డ్యూటీ ఆఫీసర్ తిట్టలేదు, కొట్టలేదు, పుస్తకంలో రాసుకుని డాక్టర్‌ని పిలిపించాడు అంతే. తర్వాత కెప్టెన్ ముందు నిలబెట్టి, టోపీ తీయమని ఆర్డరిచ్చి, నేరం చదివి వినిపించారు. ఏళ్ళ తరబడి కష్టపడి తెచ్చుకున్న గుడ్ కాండక్ట్ బ్యాడ్జి పోయింది, లీవు ఆగిపోయింది. ఆ లీవులోనే వాళ్ళ చెల్లెలి పెళ్ళి ఉంది. వాడు మెస్ డెక్‌లో, అంటే మేము పడుకునే చోట, బంకు మీద కూర్చుని, పెళ్ళికి కట్టుకుందామని కొన్న పట్టు పంచె మళ్ళీ మడతపెట్టి పెట్టెలో పెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ తర్వాత నాకు తెలిసి వాడు తాగలేదు.

కాబట్టి ఓడ సంగతి వదిలేయండి, అక్కడ భయం లేదు. ఒడ్డు మీద మనిషి ఎలా ఉంటాడన్నదే అసలు ప్రశ్న.


తెనాలి మాస్టారు:

మీ పెదనాన్నగారు ఊరికే కల్పించి చెప్పలేదమ్మా, ఆయన విన్నది ఒకప్పుడు నిజమే, కాకపోతే అది బ్రిటిష్ వాళ్ళ నౌకాదళం సంగతి. తెరచాప ఓడల కాలంలో పీపాల్లో నీళ్ళు నాచు పట్టి కంపు కొట్టేవి, అందుకని నావికుడికి రోజుకి ఒక గ్యాలన్ బీరు లెక్కన ఇచ్చేవాళ్ళు. ఎండ దేశాల్లో బీరు కూడా పాడైపోయేది. 1655లో ఇంగ్లీషు వాళ్ళు జమైకాని పట్టుకున్నాక అక్కడి చెరకు రమ్ము చేతికొచ్చింది. అది చెడిపోదు, పీపాలో తక్కువ చోటు పడుతుంది. అలా రమ్ము రేషన్‌లో కలిసింది, మనిషికి రోజుకి అర పైంటు, అంటే సుమారు 284 మిల్లీలీటర్లు. మన లెక్కలో క్వార్టర్ సీసా కంటే చాలా ఎక్కువ, రోజూ, నీళ్ళు కలపకుండా!

జనం డెక్కుల మీద పడిపోతుంటే 1740లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ ఒక వంతు రమ్ముకి నాలుగు వంతుల నీళ్ళు కలిపి, రోజులో రెండుసార్లుగా పొయ్యమని ఆర్డరేశాడు. ఆయన గ్రోగ్రమ్ అనే ముతక గుడ్డ కోటు వేసుకునేవాడట, నావికులు ఆయన్ని ఓల్డ్ గ్రోగ్ అనేవాళ్ళు, ఆ నీళ్ళ రమ్ముకి గ్రోగ్ అని పేరు అలా వచ్చింది. తర్వాత 1824లో సగం చేశారు, 1850లో మళ్ళీ సగం. చివరికి 1970 జులై 31న పూర్తిగా ఆపేశారు. ఆ రోజు నావికులు చేతికి నల్ల పట్టీలు కట్టుకుని సంతాపం చేశారు, బ్లాక్ టాట్ డే అంటారు, టాట్ అంటే ఆ రోజువారీ రమ్ము కొలత. ఎందుకు ఆపారంటే కారణం మన మాజీ నేవీ గారు చెప్పిందే. రాడార్లు, క్షిపణులు, ఎలక్ట్రానిక్ మిషన్లు వచ్చాక మధ్యాహ్నం రమ్ము తాగినవాడి చేతికి వాటిని ఇవ్వలేం కదా. కెనడా 1972లో, న్యూజిలాండ్ 1990లో ఆపాయి. అమెరికా అయితే మరీ ముందు, నావికులకిచ్చే సారా 1862లోనే తీసేశారు, 1914 జులై 1 నుంచి ఆఫీసర్లకి కూడా ఓడ మీద మందు లేదు. ఇప్పుడు వాళ్ళ ఓడ 45 రోజులు ఏ రేవూ తాకకుండా తిరిగితే మనిషికి రెండు బీర్లు ఇస్తారు, అంతే.

పెదనాన్నగారికి ఇది చూపించండి. ఆయన చెప్పిన రేషన్ ఆగిపోయి 50 ఏళ్ళు దాటింది.


ఇంజిన్‌రూమ్ బెజవాడ:

నేను మర్చంట్ నేవీలో సెకండ్ ఇంజినీర్‌ని, ఇల్లు భవానీపురం. మన వైపు నేవీ అంటే రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. మాది సరుకు ఓడలు, కంపెనీ ఉద్యోగం. అంతర్జాతీయ నిబంధన ప్రకారం 2012 నుంచి డ్యూటీలో ఉండే ఆఫీసర్లకి రక్తంలో 0.05 శాతం, ఊపిరిలో అయితే లీటరుకి 0.25 మిల్లీగ్రాములు దాటకూడదు. చాలా కంపెనీలు అంతకంటే తక్కువ పెట్టుకుంటాయి, కొన్ని ట్యాంకర్ కంపెనీల్లో మొత్తానికే సున్నా. కొన్ని ఓడల్లో కెప్టెన్ దగ్గర బీరు కేసులు తాళం వేసి ఉంటాయి, ఎవరు ఎన్ని తీసుకున్నారో రాసి జీతంలో పట్టుకుంటారు. ఎప్పుడు పడితే అప్పుడు పిలిచి గొట్టంలో ఊదమంటారు, తెల్లవారుజామున నిద్ర లేపి ఊదించిన రోజులూ ఉన్నాయి. పాజిటివ్ వస్తే తర్వాత రేవులో దింపి ఇంటికి పంపిస్తారు, అదీ మన ఖర్చుతోనే.

ఇంత కంగారు 1989 తర్వాత బాగా ఎక్కువైంది. ఆ సంవత్సరం మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్ రాతిదిబ్బ ఎక్కి నాలుగు కోట్ల లీటర్లకి పైగా ముడిచమురు సముద్రంలో కలిసింది. కెప్టెన్ అంతకుముందు ఒడ్డు మీద తాగాడని కేసు పెట్టారు, తాగి ఓడ నడిపాడన్న నేరం కోర్టులో నిలబడలేదు, నిర్లక్ష్యం మాత్రం నిలబడింది. అయినా ఆ తర్వాత చమురు కంపెనీలు మందు విషయంలో ఎవరినీ నమ్మడం మానేశాయి.

మీ అబ్బాయిది డిఫెన్స్ కాబట్టి మా రూల్స్ వర్తించవు, తేడా తెలియాలని రాశాను.


కృష్ణలంక అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. మాజీ నేవీ అంకుల్ రాసింది అమ్మకి చదివి వినిపించాను. పట్టు పంచె దగ్గర ఆవిడ కాస్త మెత్తబడింది. కానీ తర్వాత ఒక మాట అంది, దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మ పెళ్ళి 1996లో అయింది. అప్పుడు రాష్ట్రంలో మద్య నిషేధం ఉంది కదా, 1995 జనవరిలో ఎన్టీఆర్ పెట్టింది. నాన్న గురించి వాకబు చేస్తే ఆ వీధిలో అందరూ బంగారం లాంటి పిల్లవాడు అన్నారట. నిజంగానే పెళ్ళయిన మొదటి ఏడాది ఏ గొడవా లేదట. 1997లో నిషేధం ఎత్తేశాక, మళ్ళీ షాపులు తెరిచాక తెలిసింది ఆయన ఎవరో. "రూల్ ఉన్నన్నాళ్ళు మీ నాన్న కూడా తాగలేదే. ఓడ మీద తాగడని నాకు చెప్పకు, ఓడ దిగాక సంగతి చెప్పు" అంది.

ఏం చెప్పను నేను?


మల్కాపురం మంగళగిరి:

చెల్లీ, మీ అమ్మగారు సరైన మాట అన్నారు. నాది మంగళగిరి, మా ఆయన నేవీలో 12 ఏళ్ళుగా చేస్తున్నారు, మేము వైజాగ్‌లో ఉంటాం. ఆడవాళ్ళకి తెలిసే సంగతులు వేరే ఉంటాయి, అవి నేను చెబుతాను.

నేవీ వాళ్ళకి ఓడ దిగాక మందు దొరకడం చాలా తేలిక. క్యాంటీన్‌లో, అంటే మిలిటరీ వాళ్ళకి చవకగా సరుకులమ్మే షాపులో, నెలకి ఇన్ని సీసాలని కోటా ఉంటుంది, బయటి రేటుతో పోలిస్తే బాగా చవక. పార్టీలు ఉంటాయి, ప్రమోషన్ వచ్చినా, ట్రాన్స్‌ఫర్ అయినా, బిడ్డ పుట్టినా గ్లాసులే. తాగనివాడిని ఎవరూ బలవంతం చేయరు, చేతిలో జ్యూస్ పట్టుకుని నిలబడే వాళ్ళూ ఉన్నారు, కానీ కొత్తగా చేరిన కుర్రాడికి అందరి మధ్య వద్దనడానికి ధైర్యం కావాలి.

అంతకంటే పెద్ద ఇబ్బంది మన ఊళ్ళోనే ఉంది. పెళ్ళయ్యాక మొదటిసారి లీవుకి రత్నాచల్‌లో విజయవాడ దిగి, బస్సులో మంగళగిరి వెళ్ళాం. మా ఆయన బ్యాగు ఇంకా భుజం మీద నుంచి దింపలేదు, మామగారి తమ్ముడు అరుగు మీద నుంచే "ఏం రా, ఎన్ని తెచ్చావు?" అన్నారు. బాగున్నావా అని కాదు, ఎన్ని తెచ్చావు అని! సాయంత్రానికి ఎదురింటాయన, ఆయన బావమరిది, మా వారి టెన్త్ క్లాసు ఫ్రెండ్సు, వరసగా వచ్చారు. క్యాంటీన్ రమ్ము అంటే ప్రసాదంలా చూస్తారు. తెచ్చిన నాలుగు సీసాలు డాబా మీద ఆ రాత్రికే అయిపోయాయి. మా అత్తగారు కింద కూర్చుని ఉల్లిపాయలు కోసి, ఆమ్లెట్లు వేసి పైకి పంపిస్తూనే ఉన్నారు, పదకొండింటికి కూడా పొయ్యి ఆర్పలేదు. 20 రోజుల లీవులో 14 రోజులు అంతే. ఓడ మీద నెలన్నర ముట్టకుండా ఉన్న మనిషి ఇంటికొచ్చి రోజూ తాగాడంటే, తప్పు ఒక్క నేవీదే ఎలా అవుతుంది?

రెండో లీవుకి ముందు నేను గట్టిగా చెప్పాను. ఈసారి సీసాలు తెస్తే నేను రైలెక్కను అన్నాను. ఆయన ఆలోచించి, క్యాంటీన్ నుంచి మా అత్తగారికి ఒక కుక్కరు, మామగారికి ఒక ఫ్యాను తెచ్చారు. బాబాయిగారికి కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నుంచి ఎవరూ అడగడం లేదు. ఇప్పుడు ఆయన పార్టీల్లో రెండు పెగ్గులు తీసుకుంటారు, మర్నాడు డ్యూటీ ఉంటే అదీ లేదు.

కాబట్టి మీరు తెలుసుకోవాల్సింది వైజాగ్‌లో కాదు, పొన్నూరులో. అతను లీవుకి వస్తే సాయంత్రాలు ఎక్కడ ఉంటాడో వాకబు చేయండి. అమ్మానాన్నల దగ్గర ఉంటాడా, డాబాల మీద ఉంటాడా, పక్కింటి వాళ్ళకి తెలియకుండా ఉండదు. అతన్నే అడగండి, కోటా సీసాలు ఏం చేస్తావని. తాగేవాడు, పంచేవాడు, అసలు తీసుకోనివాడు, ముగ్గురూ మూడు రకాలుగా జవాబు చెబుతారు. ఊళ్ళో అమ్ముకుంటున్నాడని తెలిస్తే మాత్రం ఆ సంబంధం వద్దు, అది తప్పు, ఉద్యోగానికే ఎసరు.


పటమట శీను:

అక్కా, మా బావ కూడా నేవీనే, అసలు ముట్టడు, కోటా కార్డు కూడా వాడడు. అందరినీ ఒకే గాటన కట్టొద్దు. ఇంకోటి, పెళ్ళిచూపుల్లో అమ్మగారి ముందు "అప్పుడప్పుడు ఉంది" అని ఒప్పుకున్నవాడిని నేను ఇంతవరకు చూడలేదు. అబద్ధం ఆడటం అక్కడ చాలా తేలిక కదా.


బ్రాడీపేట మాజీ నేవీ:

మంగళగిరి అమ్మాయి చెప్పిన దానికి ఒకటి కలుపుతాను, ఇది చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. సర్వీసులో ఉన్నన్నాళ్ళు పొద్దున్నే హాజరవ్వాలి, ఎవరో ఒకరు మొహం చూస్తారు, వాసన చూస్తారు. రిటైరయ్యాక ఆ చూసేవాళ్ళు ఉండరు, కోటా మాత్రం ఉంటుంది. 35, 40 ఏళ్ళకే బయటికొచ్చేస్తాం, వేరే ఉద్యోగం కుదిరేదాకా పగలంతా ఖాళీ. నా బ్యాచ్‌లో ఇద్దరిని అలా పోగొట్టుకున్నాను, ఇద్దరూ ఓడ మీద ఎంతో మంచి పనివాళ్ళు. కాబట్టి అమ్మా, అతన్ని ఇంకొకటి కూడా అడుగు, సర్వీసు అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావని. ఇప్పటి నుంచే డిగ్రీయో, కోర్సో, వ్యాపారమో ఏదో ఒక ఆలోచన ఉన్నవాడైతే నాకు నమ్మకం కుదురుతుంది.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. 1997 గురించి ఆవిడ అన్న మాట విన్నాక రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు నాకు.


కృష్ణలంక అమ్మాయి:

పది రోజుల తర్వాత రాస్తున్నాను. పొన్నూరులో మా పిన్నిగారి స్నేహితురాలు ఒకావిడ ఉంటే అడిగించాం. లీవుకి వస్తే సాయంత్రాలు వాళ్ళ నాన్నతో పొలం వెళ్తాడట, ఫ్రెండ్స్‌తో రెండు మూడుసార్లు తాగాడని కూడా ఆవిడ దాచకుండా చెప్పింది.

నిన్న అతనే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి అమ్మ పక్కనే కూర్చుంది. కోటా సీసాలు ఏం చేస్తావని నేనే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎక్కువ నెలలు తీసుకోను. ఊరికి వచ్చేటప్పుడు మాత్రం రెండు తెస్తాను, మా మావయ్య అడుగుతాడు, కాదనలేక. ఆయన ఎక్కువ తాగుతాడు, తేకూడదని నాకూ తెలుసు" అన్నాడు. అమ్మ ఫోన్ దగ్గరికి వంగి, "అయితే ఈసారి తేకు బాబూ" అంది. "సరేనండీ" అన్నాడు.

సర్వీసయ్యాక సంగతి కూడా అడిగాను. దూరవిద్యలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాడట, ఆ సంగతి పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

అమ్మ ఇంకా అవునని అనలేదు. వచ్చే నెల అతను లీవుకి వస్తున్నాడు, అప్పుడు మేమే పొన్నూరు వెళ్ళి ఒక పూట ఉండి వద్దాం, పొద్దున కాదు, సాయంత్రం వెళ్దాం అంటోంది.